ఇంజను వైపు చెవి

ముందు చప్పుడు వినిపించింది. కర్రతో రబ్బరును కొట్టిన చప్పుడు. ఒకసారి నిండుగా, ఒకసారి కాస్త బోలుగా, మధ్యలో చిన్న విరామం, కొట్టిన మనిషి తన దెబ్బను తనే వింటున్నట్టు. పాత బండ్లు అమ్మే ఆ యార్డులో పొద్దుటి ఎండ ఇంకా పైకప్పుల మీదే ఉంది, నేలదాకా దిగలేదు. ఒక్కో చక్రం దాటుకుంటూ ఆ చప్పుడు తెల్లబండి చుట్టూ తిరిగి వచ్చింది. దాని వెనకే మా బాబాయి వచ్చాడు, చేతిలో కర్ర, మోకాళ్ల మీద దుమ్ము.

"గాలి బాగానే ఉంది" అన్నాడు. నాతో కాదు, టైరుతో.

బాబాయి బస్సు డ్రైవరు. ఉద్యోగం నుంచి దిగి చాలా కాలమైనా మా ఇంట్లో ఆయన్ని ఇంకా అలాగే అంటాం. ఏ బండి దగ్గరకెళ్లినా ముందు టైర్లను పలకరిస్తాడు, తర్వాతే మనుషుల్ని. యార్డు ఆఫీసు గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో మా పిన్ని కూర్చుని ఉంది. మెడకు పల్చటి నూలుగుడ్డ చుట్టుకుని, ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని, ఆయన్ని చూస్తోంది. ఆకాశంలో మబ్బును చూసే తీరిక ఆ చూపులో.

వాళ్లకు సరిపడే ఇల్లుబండ్లు ఆ యార్డులో రెండే ఉన్నాయి. వంటగట్టు, మంచం, స్నానాల గది, అన్నీ లోపలే ఉన్న కదిలే ఇళ్లు. తెల్లది పెట్రోలుది. ఇంజను ముందుంటుంది, రెండు సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉన్న మూత కింద. ముదురాకుపచ్చది డీజిలుది. దాని ఇంజను తోకలో, మంచం కింద. ఏది కొనాలన్నదే ఆ నెలంతా మా ఇంట్లో మాట.

అసలు ఇల్లుబండి కోరిక పిన్నిది. ఆమె బస్‌స్టేషన్‌లో ప్రకటనలు చదివేది. ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఏ బస్సు ఆలస్యమో, గాజుగదిలో కూర్చుని మైకులో చెప్పేది. బాబాయి ఆమె మొహం చూడకముందు చాలాకాలం ఆమె గొంతునే విన్నాడు. తన బస్సు పేరు ఆ గొంతులోంచి వచ్చాకే గేరు వేసేవాడట. ఒకరోజు ఆ గొంతుకు జలుబు చేసిందని గ్రహించి, అల్లం టీ పట్టుకుని గాజుగది వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ టీ చల్లారేలోపే పెళ్లి ఖాయమైందని మా అమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

"ఎన్ని ఊళ్ల పేర్లు నా నోట్లో తిరిగాయో" అనేది పిన్ని. "కాళ్లు మాత్రం ఒక్కదాంట్లోనూ తిరగలేదు."

బాబాయిదీ అదే కథ. ఒకే రూటు, ఒకే రేవుపట్నం, వెళ్లి రావడం. సముద్రం కనిపించగానే బస్సు వెనక్కి తిప్పేవాడు.

తర్వాత పిన్ని గొంతుకు ఆపరేషన్ అయింది. కణితి తీసేశారు, దాంతోపాటు గొంతులో చాలా భాగం వెళ్లిపోయింది. మిగిలింది ఎండుటాకు మీద వేలు రాసినంత చప్పుడు. డాక్టరమ్మ మెత్తగానే చెప్పింది: "ఉన్నది ఇంతేనమ్మా. మెల్లగా వాడుకుంటే చివరిదాకా వస్తుంది. గట్టిగా మాట్లాడాలని చూశారో, ఇదీ పోతుంది." ఆ రోజునుంచి మా ఇంట్లో మిక్సీ తిరుగుతుంటే ఎవరూ పిన్నిని ఏమీ అడగరు. ఫ్యాను కూడా ఒక అంకె తగ్గించి పెడతారు.

ఇంటిల్లిపాదీ బాబాయి డీజిలే కొంటాడనుకున్నారు. ఆయన బస్సులో పనిచేసిన పాత కండక్టరు, మేమంతా కండక్టరు మావయ్య అని పిలిచే మనిషి, ఒక సాయంత్రం మా వంటింటి గుమ్మంలో నిలబడి మరీ అన్నాడు.

"నీ ఒంట్లో సగం డీజిలే కదా బావా. వేరే ఆలోచన దేనికి?"

"అందుకే వద్దు" అన్నాడు బాబాయి. "రోజూ ఇంటికొచ్చి సబ్బు అరిగేదాకా చేతులు కడుక్కునేవాణ్ణి. అన్నం కలిపితే డీజిలు. దిండు మీద తల పెడితే డీజిలు. ఇల్లే బండి అయ్యాక, ఆ వాసనను ఇంట్లోకి పిలిచి కుర్చీ వేస్తానా?"

"మరి కొండ ఎక్కొద్దూ?"

"పెట్రోలుది ఎక్కదా? నువ్వు టిక్కెట్లు కొట్టుకో. ఇంజన్ల సంగతి నీకెందుకు?"

బస్సులు ఆయనకు అంటించింది వాసన ఒక్కటే కాదు. ఆయన నడిపిన పాత బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే, రేకుమూత కింద ఉండేది. ముప్ఫై ఏళ్లు అది ఆయన మోకాలి పక్కన కూర్చుని అరిచింది. వెనక ఇంజనున్న బస్సులు డిపోకి వచ్చిన ఏడే ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయాడు. ఆ అరుపు పుణ్యమా అని ఇంజను వైపు చెవి ఏనాడో మందగించింది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయన తప్ప ఎవరూ దాచరు. బాబాయికి మూడు ఊఁలు ఉన్నాయి. ఒప్పుకున్నప్పుడు ఒకటి, ఒప్పుకోనప్పుడు ఒకటి, వినపడనప్పుడు ఒకటి. మూడోది అచ్చం మొదటిదానిలాగే ఉంటుంది. తేడా పిన్నికే తెలుస్తుంది.

ఆ పొద్దున యార్డులో ఆయన రెండు బండ్లూ స్టార్టు చేయించాడు. డీజిలుది దగ్గి, గుర్రుమని, తోకలోంచి నల్లటి ఊపిరి వదిలింది. బాబాయి ముక్కు చిట్లించి రెండడుగులు వెనక్కేశాడు. తెల్లదాని తాళం తిప్పితే, అసలు తిరిగిందో లేదో తెలియలేదు. ముందుకు వంగి మూత మీద చెయ్యి వేసి చూశాడు. నిద్రపోతున్న పిల్లి వీపు మీద చెయ్యి వేసినవాడి మొహం అది.

"ట్రయల్ తీస్తాను" అన్నాడు యార్డాయనతో. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంచుకునే మనిషి ఆ యార్డాయన. "అమ్మగారిని కూడా తీసుకెళ్లండి సార్" అన్నాడు.

"ట్రయల్‌కి ఎవర్నీ ఎక్కించుకోకూడదు" అన్నాడు బాబాయి. అది డిపో పద్ధతి. బాగుచేసిన బస్సును పరీక్షగా తిప్పేటప్పుడు ఒక్క ప్రాణిని కూడా ఎక్కించుకోరు. ఖాళీ బస్సే నిజం చెబుతుందని వాళ్ల నమ్మకం. పిన్ని ఫ్లాస్కుతో ఆ కుర్చీలోనే ఉండిపోయింది. బాబాయి ఊరి బయటి చదును రోడ్డు మీద తెల్లబండిని ఒక చుట్టు తిప్పి, మొహం నిండా గాలితో తిరిగొచ్చి, యార్డాయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఇదే. మాట ఇచ్చేస్తున్నాను."

"కాగితాలు మెల్లగా రాసుకుందాం సార్. ఈ ఆదివారం ఇంట్లోవాళ్లతో ఒక పూట ఎటైనా వెళ్లిరండి. బండి మీకు అలవాటవుతుంది, మీరు బండికి అలవాటవుతారు."

అలా ఆ ఆదివారం మేం ముగ్గురం కొండమీది చెరువుకు బయల్దేరాం. ఊరు దాటేదాకా అంతా హాయిగానే ఉంది. పిన్ని ముందుసీట్లో, బాబాయి పక్కన. నేను వాళ్ల వెనక సోఫాలో. వంటగట్టు మీద రెండు కప్పులు ఒకదాన్నొకటి తాకి సన్నగా మాట్లాడుకుంటున్నాయి. పిన్ని దారిలోని బోర్డులు పైకి చదువుతోంది, పాత అలవాటు. ఒక్కో ఊరి పేరూ ఆమె పెదాల దగ్గర కాసేపు వెచ్చగా నిలబడి వెళ్లిపోయేది. బాబాయి ఆ పేరును మళ్లీ అనేవాడు, ఊరు ఇద్దరికీ చెందేట్టు.

కొండరోడ్డు మొదలైంది. బండి గేరు తగ్గించుకుంది. ఆ మూత కింద ఉన్న పిల్లి లేచి కూర్చుంది. మొదట మూలుగు, తర్వాత ఈల, తర్వాత చెవుల్లో గుడ్డ కుక్కినట్టుండే ఒకే ఒక్క పెద్ద అరుపు. బాబాయికి అది అలవాటైన సంగీతం. స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. నేను వాళ్లిద్దరి సీట్ల మధ్యకు వంగితే, పిన్ని మాటలు ముక్కలుగా అందాయి.

"ఆ మలుపు దాటాక చెట్లు చూడండి. ఆకులన్నీ రాగిరంగు."

"ఊఁ."

"కాసేపు ఆపుతారా?"

"ఊఁ, ఊఁ." రాగిరంగు చెట్లు వెనక్కి వెళ్లిపోయాయి.

పిన్ని మెడగుడ్డ సరిచేసుకుని గొంతు కాస్త పెంచబోయింది. గొంతు చీలింది, దగ్గు వచ్చింది. దగ్గు కూడా బాబాయికి వినపడలేదు. ఆమె కాసేపు రోడ్డు చూసి, ఉన్న గొంతుతోనే, ఏ తొందరా లేకుండా అంది.

"నేనిక్కడే దిగిపోతానండి. నడుచుకుంటూ ఇంటికెళ్లిపోతాను."

"బాగుంటుంది" అన్నాడు బాబాయి, రోడ్డు మీంచి కళ్లు తీయకుండా, ఎంతో ప్రేమగా.

ఆ తర్వాత పిన్ని మాట్లాడలేదు. బోర్డులు వచ్చాయి, వెళ్లాయి. ఊళ్ల పేర్లు ఎవరూ చదవకుండానే వెళ్లిపోయాయి. ఆమె చేతులు ఒళ్లో ఒకదానిమీద ఒకటి ఉన్నాయి, పని అయిపోయిన చేతుల్లా. ఇంక వచ్చే దారులన్నీ ఇలాగే ఉంటాయని నాకప్పుడు అర్థమైంది. ఆయన తోలుతాడు, ఈమె చూస్తుంది, మధ్యలో ఆ మూత.

పైన చెరువు పలకలా ఉంది. గట్టు మీద కొయ్యబెంచీ. బాబాయి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి టీ అందుకున్నాడు.

"చూశారా ఎలా ఎక్కిందో. వాసన లేదు, పొగ లేదు. నువ్వూ దారంతా ఏదో చెబుతూనే ఉన్నావు. సరదాగా ఉంది కదూ?"

పిన్ని టీ మీద మెల్లగా ఊదింది.

"దిగిపోతానన్నాను."

"ఎక్కడ?"

"దారిలో. మీరు బాగుంటుందన్నారు."

బాబాయి నవ్వబోయాడు. నవ్వు సగం వచ్చి ఆగింది. నావైపు చూశాడు. నేను కప్పులోకి చూసుకున్నాను.

"అలా అన్నానా?"

"ప్రేమగానే అన్నారు లెండి."

చెరువులో గాలి ఒక గీత గీసి చెరిపేసింది. తర్వాత బాబాయి కప్పు బెంచీ మీద పెట్టి లేచాడు.

"ఏమోయ్, ఇలా రా. నా సీట్లో కూర్చో."

"నాకు తోలడం రాదు కదండీ."

"తోలక్కర్లేదు. స్టార్టు చేస్తాను. యాక్సిలరేటరు తొక్కుతూ ఏదైనా మాట్లాడు. నేను నీ సీట్లో కూర్చుంటాను."

నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆయన ఏ బండిలోనూ పక్కసీట్లో కూర్చోవడం నేను చూడలేదు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లేని బ్రేకు కోసం కాలు వెతికింది. ఆ సీట్లో కూర్చుంటే ఇంజను ఆయన మంచి చెవి వైపుకు వస్తుంది. నేను కింద, తెరిచిన తలుపు దగ్గర నిలబడ్డాను. పిన్ని స్టీరింగు పట్టుకుని కాలు నొక్కింది. అరుపు లేచింది. అద్దంలోంచి ఆమె పెదాలు కదలడం కనిపించింది. మాట్లాడింది, ఇంకా మాట్లాడింది, ఒకచోట ఆగి నవ్వింది, మళ్లీ మాట్లాడింది. బాబాయి మంచి చెవిని ఆమెవైపు తిప్పి, కళ్లు మూసుకుని విన్నాడు. ఏం చెప్పిందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆమె మాకు ఇప్పటికీ చెప్పలేదు.

ఇంజను ఆపాక కొండంతా ఒక్కసారి దగ్గరికొచ్చినట్టైంది. బాబాయి మూత మీద చెయ్యి ఉంచాడు. అది కాలుతోంది, అయినా తీయలేదు.

"ముప్ఫై ఏళ్లు నా మోకాలి పక్కన కూర్చుంది" అన్నాడు. "మళ్లీ దాన్నే కొంటున్నాను, వాసన మార్చి."

పిన్ని స్టీరింగు మీంచి చేతులు తీసి ఆయనవైపు తిరిగింది.

"ఇంకోటి చెప్పనా? ఈ చెవి నాకంటే ముందే రిటైరైంది."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీ ఊఁలు వింటున్నాను కదండీ."

"మరి అడగలేదేం?"

"అడిగాను. మీరు ఊఁ అన్నారు."

అప్పుడు నవ్వాడు బాబాయి, పూర్తిగా. ఇంటికి దిగేటప్పుడు బండిని నాలుగైదు చోట్ల ఆపాడు. ఆపి, ఇంజను కట్టేసి, "ఇందాక ఇక్కడేం చెప్పావు?" అని అడిగేవాడు. పిన్ని చెప్పేది. రాగిరంగు చెట్ల దగ్గర అందరం దిగి నిలబడ్డాం.

మర్నాడు యార్డుకు వెళ్లేటప్పుడు ఆయన దిగులు బండి గురించి కాదు, మాట గురించి. దారిపొడుగునా ఎలా చెప్పాలో సాధన చేశాడు.

"ఏమీ అనుకోకండి. మాట తప్పుతున్నాను. తెల్లది వద్దు, పచ్చది చూస్తాను."

యార్డాయన కళ్లజోడు నుదుటి మీంచి కళ్ల మీదికి దించుకుని, ఆయన్ని తేరిపార చూసి, మళ్లీ పైకి తోశాడు.

"రెండూ నావే కదా సార్. ఎవరికి తప్పారు మాట?"

ఈసారి బాబాయి ట్రయల్‌కి పిన్నిని చెయ్యి పట్టి ఎక్కించాడు. పచ్చబండి నిలువునా వయసు మీదపడినది. సీట్ల గుడ్డ వెలిసిపోయింది, ఒక అలమర తలుపు మూసినా మూయనట్టే ఉంటుంది. పొడవెక్కువ, మలుపుల్లో బద్ధకం. స్టార్టు చేయగానే ఆ వాసన వెనకనుంచి నడుచుకుంటూ వచ్చింది. బాబాయి మొహం మాడ్చుకుని, పళ్ల బిగువున అద్దం దించాడు.

"సర్వీసుకు కూడా ఇది పెద్దనోరు తెరుస్తుంది" అని గొణిగాడు. "నూనె తాగడం చూడాలి దీన్ని."

"మీకు ఇష్టం లేకపోతే వద్దండీ" అంది పిన్ని. "నాకోసం రోజూ ముక్కు మూసుకుని బతకక్కర్లేదు."

బాబాయి గేరు మార్చాడు. బండి కొండరోడ్డు ఎక్కడం మొదలుపెట్టింది. ఇంజను ఎక్కడో దూరంగా, మూడిళ్ల అవతల ఎవరో కుర్చీ జరుపుతున్నంతగా వినపడుతోంది. ముందు అద్దం నిండా రోడ్డు, రోడ్డు నిండా వెలుగు. మొదటి బోర్డు వచ్చింది. పిన్ని దాన్ని చదివింది, మామూలుగా, మెడగుడ్డ ముట్టుకోకుండా. బాబాయి ఆ పేరును మళ్లీ అన్నాడు. ఇంకో బోర్డు. ఇంకో పేరు. మందగించిన చెవి వైపే ఆమె కూర్చుని ఉంది, అయినా ఒక్క పేరూ దారిలో పడిపోలేదు.

"అక్కడ ఎవరో ఇటుకలు ఆరబెట్టారు" అంది పిన్ని.

"ఇటుకలు కాదు, పెంకులు" అన్నాడు బాబాయి.

"ఇటుకలే. మీ కళ్లు కూడా రిటైరయ్యాయా?"

"ఆపి చూద్దామా?"

ఆపి చూశారు. పెంకులే. పిన్ని ఒప్పుకోలేదు.

యార్డుకు తిరిగొచ్చాక కూడా బాబాయి వెంటనే సరే అనలేదు. ఇంజను నడుస్తుండగానే లోపలికెళ్లి, వెనక మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. మంచం జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ఆయన పొట్ట, చొక్కా గుండీలు, బుగ్గలు, అన్నీ వణుకుతున్నాయి.

"దీని మీద ఎవడు పడుకుంటాడు?" అన్నాడు వణుకుతున్న గొంతుతో.

"బండి నడుస్తుంటే ఎవరు పడుకుంటారు?" అంది పిన్ని గుమ్మంలోంచి. "ఇద్దరం ముందే ఉంటాం కదా."

బాబాయి పైకప్పువైపు చూస్తూ కాసేపు అలాగే వణికాడు. "పొద్దున్నే నేను స్టార్టు చేస్తే నీ నిద్ర పాడవుతుంది. చీకటితోనే బయల్దేరడం నా అలవాటు."

"మానుకోండి."

ఆయన లేచి కూర్చున్నాడు. ఒక్క మాటలో ఇంత పాత అలవాటు తీసేయొచ్చని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మంచం మీద అరచెయ్యి ఆనించి, ఆ వణుకును ఒకసారి కొలిచి చూసుకున్నాడు.

"సరే. నువ్వు లేచి, మొహం కడుక్కుని, టీ తాగాకే తాళం తిప్పుతాను. అంతదాకా బయట కూర్చుంటాను."

"టైర్లతో మాట్లాడుతూ ఉండండి" అంది పిన్ని.

వాళ్లు బయల్దేరిన రోజు మబ్బుగా ఉంది. పచ్చబండి మా వీధికి సరిపోలేదు. సందు చివరిదాకా కండక్టరు మావయ్య వెనక్కి నడుస్తూ, "రానీ, రానీ, ఆగు" అంటూ చేతులు ఊపాడు. డీజిలుకే వచ్చావు చూశావా అని ఆయన అప్పటికే రెండుసార్లు దెప్పాడు. బాబాయి రెండుసార్లూ ఊఁ అన్నాడు. పిన్ని మెడకు కొత్త గుడ్డ చుట్టుకుంది. ముందు అద్దం అవతల ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటే, గాజుగదిలోకి ఎవరో రెండో కుర్చీ తెచ్చి వేసినట్టుంది.

సందు చివర బండి ఆగినా ఇంజను నడుస్తూనే ఉంది. నేను కిటికీ కిందికి వెళ్లి పైకి చూశాను.

"ఇంజను ఎలా ఉంది బాబాయ్?"

ఆయన నావైపు వంగాడు. అంతకుముందే పిన్ని ఏదో చెప్పినట్టుంది, ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉంది.

"ఇంజనా? వెనకాల ఎక్కడో ఉందట అమ్మడూ. మీ పిన్ని చెప్పింది."